అమ్మాయి ఈ-వేస్ట్ చదువుతానంటోంది, పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. సాఫ్ట్‌వేర్ వద్దట. ఐరోపాలో ఈ-వేస్ట్ (పాడైన ఎలక్ట్రానిక్ సామాన్ల చెత్త) సేకరణ, రీసైక్లింగ్ నియమాల మీద ఎమ్మెస్ చేస్తానంటోంది. పాత సామాన్లు కొనేవాళ్ళ పనికి జర్మనీ దాకా వెళ్ళాలా? మీరే చెప్పండి. (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: మీరు వెటకారంగా అన్నారు గానీ, ఐరోపావాళ్ళ తలనొప్పి కూడా పాత సామాన్ల దగ్గరే మొదలవుతుంది.

పాత ఫ్రిజ్ సంగతి చూడండి. రీసైక్లింగ్ ప్లాంటుకు చేరేసరికి కొన్నిటికి వెనక కంప్రెసర్ ఉండదు. రాగి కోసం దారిలోనే ఎవరో కోసుకుపోతారు. గొట్టం తెగిందంటే లోపలి గ్యాస్ గాల్లో కలిసిపోయినట్టే. బాగా పాత ఫ్రిజ్ అయితే అది ఓజోన్ పొరను తినే సీఎఫ్‌సీ. ఇక ఆ గ్యాస్ పట్టడానికి ప్లాంటులో కోట్లు పోసి పెట్టిన యంత్రం ఉండీ ఏం లాభం? మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది ఈ గొడవనే: వస్తువు ఇంటి నుంచి ప్లాంటు దాకా చెడకుండా చేరాలంటే నియమం ఎలా రాయాలి, డబ్బు ఎవరు కట్టాలి, కాటా దగ్గర ఎవరు నిలబడాలి.

అక్కడ మొదటి ఈ-వేస్ట్ చట్టం 2003లో అమల్లోకి వచ్చింది. 2012లో తిరగరాశారు. దాని ప్రకారం 2019 నుంచి ప్రతి దేశమూ, అంతకు ముందు మూడేళ్ళలో మార్కెట్లోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వస్తువుల సగటు బరువులో 65 శాతం, లేదా ఏటా పుట్టే ఈ-వేస్ట్‌లో 85 శాతం, వెనక్కి సేకరించాలి. 2022 నాటికి యూరోపియన్ యూనియన్ మొత్తానికి వచ్చింది, ఆ 65 శాతం లెక్కన చూస్తే, 40 శాతం దగ్గర. చాలా దేశాలు తప్పాయి.

అయితే తప్పు జనానిది మాత్రమే అనుకోకండి, లెక్కలోనూ తిరకాసుంది. సోలార్ ప్యానెల్ కూడా ఈ చట్టం కిందికే వస్తుంది. ఈ ఏడాది అమ్మిన ప్యానెల్ పాతికేళ్ళ దాకా చెత్తలోకి రాదు, కానీ దాని బరువు మాత్రం వెంటనే లెక్కలో కూర్చుంటుంది. ప్యానెళ్ళు ఎక్కువ పెట్టిన దేశం చెత్త తక్కువ ఏరినట్టు కనబడుతుంది! ఇంకోటి, కొలత బరువుతో. ఒక్క వాషింగ్ మెషిన్ వస్తే ఎన్నో ఫోన్ల బరువు లెక్కకొస్తుంది. కాబట్టి సొరుగులో పడున్న పాత ఫోను కోసం ఎవరూ చేతులు చాచరు. బంగారం, పల్లేడియం, కోబాల్ట్ ఉన్నవి మాత్రం దాంట్లో. బరువు కొలత చాలదు, లోహాన్నిబట్టి లక్ష్యాలు పెట్టాలన్న చర్చ నడుస్తోంది. నన్నడిగితే అది పదేళ్ళ కిందటే జరగాల్సింది.

మీ అమ్మాయి ఈసీఈ చదువు పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. బెల్జియంలో ఆంట్‌వెర్ప్ పక్కన హోబోకెన్‌లో ఉమికోర్ కంపెనీ కొలిమి ఉంది. సర్క్యూట్ బోర్డుల్లోంచి బంగారం, రాగి, పల్లేడియం తీస్తారు. కానీ బోర్డు మీది కొన్ని కెపాసిటర్లలో ఉండే టాంటలం అనే లోహం అలాంటి కొలిమిలో చిట్టెంలోకి, అంటే కరిగించాక మిగిలే మడ్డిలోకి, పోతుంది. దాన్ని కాపాడాలంటే కరిగించకముందే విడదీయాలి. బోర్డు మీద ఏది ఎక్కడుంటుందో తెలియనివాళ్ళు ఆ నియమం రాయలేరు.

ఇక ఉద్యోగాలు. ఈపీఆర్ అన్న మాట వినే ఉంటారు, అమ్మిన కంపెనీయే చెత్త ఖర్చు భరించాలన్న పద్ధతి. పైన చెప్పిన ఐరోపా చట్టం ఒకటే అయినా, దాన్ని అనుసరించి యూనియన్‌లోని 27 దేశాలూ సొంత చట్టాలు రాసుకున్నాయి. 27 దేశాల్లో ఫోన్లు అమ్మే కంపెనీకి 27 చోట్లా నమోదు ఉండాలి. జర్మనీలో 2023 జులై నుంచి ఆన్‌లైన్ మార్కెట్లు కూడా అమ్మకందారుకు నమోదు ఉందో లేదో చూడాల్సిందే. ఈ కాగితాల పని, బరువుల లెక్కలు, ప్లాంటు ఆడిట్లు చూసేవాళ్ళు కంపెనీలకు కావాలి. మన దగ్గర నుంచి అక్కడికి సరుకు పంపే కంపెనీలకూ కావాలి. బ్రస్సెల్స్‌లో యూరోపియన్ కమిషన్ పర్మనెంటు కొలువు మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, అది ఆ దేశాల పౌరులకే.

చదువు విషయంలో ముందు ఒక ప్రశ్న తేల్చుకోమనండి: లోహాలా, నియమాలా? లోహాలైతే జర్మనీలో 1765 నుంచి గనుల చదువు చెబుతున్న ఫ్రైబెర్గ్, లేదా ఆఖెన్. నియమాలైతే స్వీడన్‌లోని లుంద్. ఈపీఆర్ అన్న ఆలోచనకు పేరు పెట్టిన థామస్ లిండ్‌క్విస్ట్ అక్కడివారే. రెండూ కొంచెం కొంచెం కావాలంటే నెదర్లాండ్స్‌లో లైడెన్, డెల్ఫ్ట్ కలిసి నడిపే ఇండస్ట్రియల్ ఎకాలజీ కోర్సు ఉంది.

ఖర్చు: జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటివాళ్ళకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంతే తీసుకోవాలన్న కట్టడి ఉన్న బ్యాంకు ఖాతాలో) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, ఇది 2024 సెప్టెంబరు నుంచి ఉన్న లెక్క. స్వీడన్, నెదర్లాండ్స్‌లో ఫీజు గట్టిగానే ఉంటుంది, స్కాలర్‌షిప్ లేకుండా అప్పు చేసి పంపమని నేను చెప్పను.

జర్మన్ భాష గురించి కన్సల్టెన్సీలవాళ్ళు తేలిగ్గా మాట్లాడతారు. కోర్సు ఇంగ్లీషులో ఉన్నా, ప్లాంటులో ఆడిట్‌కు వెళ్తే వేబ్రిడ్జి చీటీ జర్మన్‌లోనే ఉంటుంది, దాన్ని చూపించే మనిషీ జర్మన్‌లోనే మాట్లాడతాడు. బీ1 స్థాయి (రోజువారీ మాటలకు సరిపడే భాష) ఇక్కడే ముగించుకుని వెళ్తే మంచిది.

డబ్బు కట్టేముందు ఒక పని చెయ్యండి. హైదరాబాద్ చర్లపల్లిలో సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ ల్యాబ్ ఉంది, సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీయడం మీద పనిచేస్తుంది. అక్కడ ప్రాజెక్టు దొరుకుతుందేమో అడగమనండి. దొరక్కపోతే లైసెన్సున్న ఏదైనా రీసైక్లర్ దగ్గర సెలవుల్లో నెల రోజులు. మన ఈ-వేస్ట్ రూల్సు కూడా మారాయి, 2023 ఏప్రిల్ నుంచి ఈపీఆర్ సర్టిఫికెట్లన్నీ (ఇంత చెత్త రీసైకిల్ అయిందన్న రుజువులు) ప్రభుత్వ పోర్టల్ మీదే. ఆ లెక్కలు రాయడం నేర్చుకుంటే అక్కడి లెక్కలు కొత్తగా అనిపించవు. బ్యాటరీలు విప్పే బల్ల దగ్గర కూర్చోబెట్టమని కూడా అడగమనండి, దుమ్ము ఎలా ఉంటుందో తెలుస్తుంది. నెల తర్వాత కూడా అమ్మాయి అదే మాట మీద ఉంటే, జర్మనీకైతే ఏపీఎస్ సర్టిఫికెట్‌కు (మన చదువు పత్రాలు అసలైనవేనని జర్మనీవాళ్ళు తేల్చి ఇచ్చే కాగితం) దరఖాస్తు పెట్టించండి. అది చేతికి రావడానికి టైమ్ పడుతుంది.