తరచూ లినక్స్ మార్చే అలవాటు ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ఇంజినీరింగ్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఇంట్లోని డెస్క్‌టాప్‌లో ఒక లినక్స్ తీసేసి ఇంకొకటి వేయడమే పనిగా పెట్టుకున్నాడు. దీనివల్ల ఉపయోగం ఉందా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కొంతవరకు ఉందండీ. లినక్స్ అంటే విండోస్‌లాగా కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్, అందులో చాలా రకాలున్నాయి. డిస్కును పార్టిషన్లుగా విడగొట్టడం, కంప్యూటర్ ఆన్ కాగానే సిస్టమ్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ చెడిపోతే బాగుచేసుకోవడం వంటివి తరగతి గదికన్నా ఇలాంటి ప్రయత్నాల్లోనే బాగా వంటబడతాయి. అయితే ఉబుంటు, మింట్, ఫెడోరా అని పేర్లు వేరైనా, అన్నింటి లోపలా ఉండేది 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నలే (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) కనుక, ఇన్‌స్టాల్ చేసి, డెస్క్‌టాప్ రూపు మార్చుకుని, వారం తిరగకముందే మరోదానికి వెళ్లిపోతే మొదటి పాఠం దాటి ముందుకు పోవడం కష్టం.

సర్వర్లు (వెబ్‌సైట్ల వంటివాటిని నడిపే కంప్యూటర్లు) చూసుకునే ఉద్యోగాల్లో ఎక్కువగా కనిపించేవి డెబియన్–ఉబుంటు, రెడ్‌హ్యాట్ కుటుంబాలు. ఇంటి కంప్యూటర్‌లో ఉబుంటునో డెబియన్‌నో ఏడాదిపాటు కదపకుండా ఉంచి, రెండో కుటుంబం కోసం వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) రాకీ లినక్స్ గానీ అల్మాలినక్స్ గానీ వేసుకోమనండి. ఈ రెండూ ఉచితమే. అదే కుటుంబానికి చెందిన ఉచిత సెంటోస్ లినక్స్‌ను నిలిపివేస్తున్నట్లు రెడ్‌హ్యాట్ 2020 చివర్లో ప్రకటించాక, ఆ లోటు తీర్చడానికి 2021లో వచ్చాయి. ఆ వర్చువల్ మెషీన్‌లో యూజర్లను సృష్టించడం, ఫైళ్ల అనుమతులు మార్చడం, వెబ్ సర్వర్ నడపడం, అది ఆగిపోతే లాగ్‌లు (ఏం జరిగిందో సిస్టమ్ రాసిపెట్టుకునే ఫైళ్లు) చదివి కారణం పట్టుకోవడం, బ్యాకప్‌కు షెల్ స్క్రిప్టు (కమాండ్లను వరుసగా నడిపే చిన్న ప్రోగ్రామ్) రాయడం సాధన చేయాలి. ఇంటర్వ్యూలో ‘ఎన్ని లినక్స్‌లు వాడావు’ అన్న ప్రశ్నకు నా దృష్టిలో పెద్ద విలువ లేదు. ‘సర్వీసు ఎందుకు ఆగింది, ఎలా కనిపెట్టావు’ అన్నదానికి జవాబు చెప్పగలగాలి. రెడ్‌హ్యాట్ కంపెనీ సర్టిఫికెట్ కోసం రాసే ఆర్‌హెచ్‌సీఎస్ఏ పరీక్షలోనూ బహుళైచ్ఛిక ప్రశ్నలుండవు, సిస్టమ్ మీద పని చేసి చూపించాల్సిందే. ఫీజు తక్కువేమీ కాదు కాబట్టి దానికి ఇప్పుడే తొందరపడవద్దు.

ఇంట్లోవారి ఫొటోలు, కాగితాలు అదే డిస్కులో ఉంటే ముందుగా వాటిని ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి కాపీ చేయించండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కు మొత్తం చెరిపేసే ఆప్షన్‌ను పొరపాటున ఎంచుకుని ఉన్నదంతా పోగొట్టుకునేవారు తక్కువేమీ కాదు. కొత్తదాన్ని కేవలం చూడాలనుకుంటే పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపించవచ్చు, డిస్కు జోలికి పోనక్కర్లేదు.

డిప్లొమా తర్వాత బీటెక్ ఆలోచన ఉంటే, అందుకు రాయాల్సిన ప్రవేశ పరీక్ష ఈసెట్‌ను మరవవద్దు. అందులో 200 మార్కులకు గణితానికే 50 ఉంటాయి, ఆ సాధన లినక్స్‌తో రాదు. కాబట్టి వారంలో లినక్స్‌కు ఏ రోజులు, గణితానికి ఏ రోజులు అన్నది అబ్బాయినే నిర్ణయించుకోనివ్వండి.