మిసిసిపీ దగ్గర ఆగిన విలీనాలు: అమెరికా గూడ్స్ రైళ్ల పటం ఇలా ఎందుకు ఉంది?

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. పదుల సంఖ్యలో ఉండిన ఉత్తర అమెరికా పెద్ద రైల్వే కంపెనీలు ఆరుకు ఎలా తగ్గాయన్నది మొదటిది. ఆ ఆరింటిలో రెండయిన యూనియన్ పసిఫిక్, నార్ఫోక్ సదరన్ కూడా కలిసిపోతే సరుకు పంపేవారికి ఏమి మారుతుందన్నది రెండోది. నేను చరిత్రకారుణ్ణి కాను. హ్యూస్టన్ దగ్గర ప్లాస్టిక్ గుళికలు తయారుచేసే ఒక కర్మాగారంలో పదిహేనేళ్లుగా రైలు రవాణా చూస్తున్నాను. గుళికలు నింపే హాపర్ వ్యాగన్ మా సైడింగ్ (కర్మాగారంలోకి వచ్చే పక్క పట్టాలు) దాటిన క్షణం నుంచి ఒహాయోలోనో న్యూజెర్సీలోనో కొనుగోలుదారు గేటు చేరేదాకా దాని జాడ కనిపెట్టడమే నా ఉద్యోగం. కాబట్టి ఈ చరిత్రను నేను కంపెనీల వాటాల లెక్కలోంచి కాక, వ్యాగన్ ఎక్కడ ఎందుకు ఆగుతుందన్న లెక్కలోంచి తెలుసుకున్నాను.

కాజీపేటలో పెరిగినవాణ్ణి కనుక రైల్వే అంటే దేశమంతటికీ ఒకటే అన్న భావనతో ఇక్కడికి వచ్చాను. నిజాం స్టేట్ రైల్వే 1951లో ప్రభుత్వ నిర్ణయంతో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు ఆ లైన్లు మళ్లీ చేతులు మారాయి. అయినా సరుకు పంపే వ్యాపారికి ఒక వ్యాగన్, ఒక రసీదు, ఒక యజమాని అన్న పద్ధతి మారలేదు. ఇక్కడ భూమి, పట్టాలు, ఇంజన్లు అన్నీ కంపెనీల సొత్తు. ఒక కంపెనీ పట్టాలు ఎక్కడ ముగుస్తాయో అక్కడ వ్యాగన్‌ను మరో కంపెనీకి అప్పగించాలి. దీన్ని ఇంటర్‌ఛేంజ్ అంటారు. మన పెళ్లిళ్లలో అప్పగింతలు ఏడుపులతో సహా అరగంటలో అయిపోతాయి. ఇక్కడి అప్పగింతకు ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది, ఒక్కోసారి వారం కూడా పడుతుంది.

ఈ అప్పగింతలను తగ్గించుకోవాలన్న కోరిక పాతదే, దానికి అడ్డుపడిన చట్టమూ పాతదే. రైల్వే అధిపతి జేమ్స్ హిల్, బ్యాంకరు జె.పి. మోర్గాన్ కలిసి గ్రేట్ నార్తర్న్, నార్తర్న్ పసిఫిక్, బర్లింగ్టన్ రైల్వేలను నార్తర్న్ సెక్యూరిటీస్ అనే ఒకే కంపెనీ కిందికి తెస్తే, సుప్రీంకోర్టు 1904లో 5–4 తీర్పుతో దాన్ని రద్దు చేసింది. మరో రైల్వే అధిపతి హారిమన్ చేతిలో ఉమ్మడిగా నడిచిన యూనియన్ పసిఫిక్, సదరన్ పసిఫిక్ విడిపోవాలని అదే కోర్టు 1912లో చెప్పింది. చిత్రమేమిటంటే మొదటి ముగ్గురూ 1970 మార్చిలో బర్లింగ్టన్ నార్తర్న్ పేరుతో చట్టబద్ధంగానే ఒకటయ్యారు. రెండో జంట 1996లో ఒకటయింది. కోర్టులు విడదీసిన గీతల మీదుగానే తర్వాతి తరం మళ్లీ కలుపుకుంటూ పోయిందన్నమాట.

మధ్యలో ప్రభుత్వ వైఖరి ఎందుకు మారిందో అర్థం కావాలంటే పెన్ సెంట్రల్ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాలి. 1950ల నాటికి ట్రక్కులు, 1956 తర్వాత అంతర్రాష్ట్ర రహదారులు రైల్వేల సరుకును లాక్కుంటున్నాయి. ఛార్జీ పెంచాలన్నా తగ్గించాలన్నా, ఖాళీగా పడివున్న బ్రాంచి లైను మూసేయాలన్నా రైల్వేలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ అనుమతి కావాలి. ఆ పరిస్థితిలో తూర్పున బద్ధవిరోధులైన పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ కంపెనీలు 1968 ఫిబ్రవరి 1న విలీనమై పెన్ సెంట్రల్ అయ్యాయి. రెండింటి లైన్లూ అట్లాంటిక్ తీరం నుంచి షికాగో, సెయింట్ లూయిస్‌ల దాకా పక్కపక్కనే పోతాయి కాబట్టి ఒకటి మూసేసి ఖర్చు తగ్గించుకోవచ్చన్నది కాగితం మీది లెక్క. ఆచరణలో రెండు కంపెనీల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు, రెండు వర్గాల అధికారులూ మాట్లాడుకోలేదు, వ్యాగన్లు ఏ యార్డులో ఉన్నాయో తెలియకుండా పోయాయి. రెండున్నరేళ్లు తిరగకుండానే, 1970 జూన్ 21న, ఆ కంపెనీ దివాలా తీసింది. అప్పటికి అమెరికాలో అంతకు మించిన దివాలా లేదు. దాని శిథిలాలకు మరికొన్ని దివాలా కంపెనీల లైన్లను కలిపి ప్రభుత్వమే 1976 ఏప్రిల్ 1న కాన్‌రెయిల్‌ను మొదలుపెట్టవలసి వచ్చింది.

దీనికి పూర్తిగా తిరగబడ్డ ఉదాహరణ రాక్ ఐలాండ్ రైల్వేది. యూనియన్ పసిఫిక్‌తో విలీనానికి 1964లో దరఖాస్తు పెడితే కమిషన్ దాదాపు పదేళ్లు విచారించి, చివరికి షరతులతో సరేనంది. అప్పటికి రాక్ ఐలాండ్ పట్టాలు కుంగిపోయి, కొనేవాడికి ఆసక్తే పోయింది. 1975లో దివాలా తీసి, 1980 మార్చిలో ఆ రైల్వే శాశ్వతంగా ఆగిపోయింది. అనుమతి వచ్చిన చోట పొత్తు కుదరక, పొత్తు కుదిరే చోట అనుమతి రాక, రెండు విధాలా నష్టపోయిన అనుభవంతోనే 1980 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన స్టాగర్స్ చట్టం వచ్చింది. దీంతో రైల్వేలు సరుకు పంపేవారితో నేరుగా రహస్య ధరల ఒప్పందాలు చేసుకోవచ్చు, నష్టాల లైన్లను సులభంగా వదిలించుకోవచ్చు. 1916లో సుమారు 2,54,000 మైళ్లున్న అమెరికా రైలు మార్గాలు ఇప్పుడు సుమారు 1,40,000 మైళ్లు. పెద్ద కంపెనీలు వదిలేసిన కొమ్మల్లో చాలావాటిని చిన్నచిన్న షార్ట్‌లైన్ కంపెనీలు కొని నడుపుతున్నాయి. ఇవి దేశంలో ఆరువందల దాకా ఉంటాయి.

ఆ తర్వాతి విలీనాలను గబగబా చెప్పుకోవచ్చు. తూర్పున 1980లో సి.ఎస్.ఎక్స్., 1982లో నార్ఫోక్ సదరన్ ఏర్పడ్డాయి. పశ్చిమాన యూనియన్ పసిఫిక్ 1982లో మిస్సోరి పసిఫిక్‌ను, వెస్టర్న్ పసిఫిక్‌ను, 1988లో కేటీ అని పిలిచే మిస్సోరి–కాన్సాస్–టెక్సస్‌ను, 1995లో షికాగో అండ్ నార్త్ వెస్టర్న్‌ను కలుపుకొంది. అదే 1995లో బర్లింగ్టన్ నార్తర్న్, శాంటా ఫే కలిసి బి.ఎన్.ఎస్.ఎఫ్. అయ్యాయి. అంతకుముందు శాంటా ఫే, సదరన్ పసిఫిక్‌ల విలీనం ఖాయమని నమ్మి ఇంజన్లకు ఎరుపు, పసుపు రంగులు కూడా వేసేశాక 1986లో కమిషన్ కాదంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లయింది. 1999 జూన్ 1న కాన్‌రెయిల్‌ను నార్ఫోక్ సదరన్ 58 శాతం, సి.ఎస్.ఎక్స్. 42 శాతం చొప్పున పంచుకోవడంతో తూర్పు పటం స్థిరపడింది.

పంపకంలో వచ్చిన కాన్‌రెయిల్ వ్యాగన్ల మీద నార్ఫోక్ సదరన్ పి.ఆర్.ఆర్. అనీ, సి.ఎస్.ఎక్స్. ఎన్.వై.సి. అనీ గుర్తులు వేసింది. అవి 1968లో మాయమైన పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ రైల్వేల పాత గుర్తులే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ అక్షరాలు చూసి డేటాలో తప్పు దొర్లిందని మా పర్యవేక్షకుడికి ఫిర్యాదు చేసి, అందరిచేతా నవ్వించుకున్నాను.

ఇక 1996 నాటి యూనియన్ పసిఫిక్, సదరన్ పసిఫిక్ విలీనం గురించి మా ఊళ్లో ఇప్పటికీ పెద్దవాళ్లు తుఫాను గురించి చెప్పుకున్నట్లు చెప్పుకుంటారు. పాతబడిన సదరన్ పసిఫిక్ యార్డులను, తగ్గించిన సిబ్బందిని పెట్టుకొని రెండు వ్యవస్థలను కలపబోతే 1997 వేసవికి హ్యూస్టన్‌లోని ఇంగిల్‌వుడ్ యార్డు నిండిపోయింది. యార్డులో చోటు లేక రైళ్లు బయట లూప్ లైన్లలో ఆగాయి. లూప్ లైన్లు నిండడంతో ఎదురు రైళ్లకు దారి లేకపోయింది. ఆ ముడి టెక్సస్ దాటి పశ్చిమమంతా పాకింది. కమిషన్ స్థానంలో 1996లో వచ్చిన సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు 1997 అక్టోబరు 31న అత్యవసర ఉత్తర్వు ఇచ్చి, టెక్స్‌మెక్స్ అనే చిన్న రైల్వేను హ్యూస్టన్ సరుకు మోయడానికి అనుమతించింది. పరిస్థితి చక్కబడడానికి మరుసటి ఏడాది కూడా కావలసి వచ్చింది.

ఆ విలీనానికి పెట్టిన ఒక షరతు నా పనిలో నేటికీ కనిపిస్తుంది. అంతకుముందు రెండు కంపెనీల సేవ ఉండి, విలీనంతో ఒక్కటే మిగిలిన కర్మాగారాల కోసం బి.ఎన్.ఎస్.ఎఫ్.కు సుమారు 4,000 మైళ్ల మీద రైళ్లు నడుపుకునే హక్కు ఇచ్చారు. వీటిని మా వాడుకలో ‘రెండు నుంచి ఒకటి’ స్థలాలు అంటారు. మాకు పొరుగునున్న ఒక కర్మాగారం ఆ జాబితాలో ఉంది కనుక ఏటా ఇద్దరి దగ్గర ధర అడుగుతుంది. మాది పూర్వం నుంచీ ఒకే కంపెనీ సేవ ఉన్న సైడింగ్ కనుక ఒకరి దగ్గరే అడుగుతాము. రెండు గేట్ల మధ్య దూరం నడిచిపోయేంతే. బేరమాడే శక్తిలో మాత్రం ఎంతో తేడా ఉంది.

ఇప్పుడు పటం చూడండి. పశ్చిమాన ఇద్దరు, తూర్పున ఇద్దరు, మధ్యలో షికాగో, సెయింట్ లూయిస్, మెంఫిస్, న్యూ ఆర్లీన్స్ అనే అప్పగింతల ఊళ్లు. అమెరికా రైలు సరుకులో నాలుగో వంతు షికాగోను తాకుతుందంటే కారణం ఇదే. సుమారుగా మిసిసిపీ నది వెంబడి పోయే ఈ తూర్పు–పడమర గీత సహజమైనదేమీ కాదు. విలీనాలు అక్కడికి వచ్చి ఆగిపోయాయి, అంతే. 1999 డిసెంబరులో బి.ఎన్.ఎస్.ఎఫ్., కెనడియన్ నేషనల్ కలుస్తామనగానే బోర్డు 15 నెలలు పెద్ద విలీనాలన్నింటినీ నిలిపివేసి, 2001లో కొత్త నియమాలు తెచ్చింది: పోటీకి హాని లేదంటే చాలదు, పోటీ పెరుగుతుందని చూపించాలి. కెనడా కంపెనీలు మాత్రం ఉత్తర–దక్షిణంగా పెరిగాయి. ఇల్లినాయ్ సెంట్రల్‌ను కొన్న కెనడియన్ నేషనల్ హాలిఫాక్స్, వాంకూవర్, న్యూ ఆర్లీన్స్ మూడింటినీ కలుపుతుంది. కెనడియన్ పసిఫిక్, కాన్సాస్ సిటీ సదరన్ 2023 ఏప్రిల్ 14న సి.పి.కె.సి.గా ఏకమై కెనడా నుంచి మెక్సికో దాకా ఒకే చేతి మీదుగా నడుపుతున్నాయి. కాన్సాస్ సిటీ సదరన్‌కు 2001 నియమాల నుంచి మినహాయింపు ఉండి పాతవే వర్తించడం, రెండు రైల్వేలూ ఒక్క కాన్సాస్ సిటీలోనే కలవడం వారికి కలిసొచ్చాయి.

మీ రెండో భాగానికి వస్తాను. 2025 జులైలో యూనియన్ పసిఫిక్ సుమారు 8,500 కోట్ల డాలర్లకు నార్ఫోక్ సదరన్‌ను తీసుకుంటామని ప్రకటించింది. ఇది ఆ మిసిసిపీ గీతను దాటే విలీనం. సమయం మిగులుతుందన్న వాదనను నేను కొట్టిపారేయను. కొన్నేళ్ల క్రితం న్యూజెర్సీ వెళ్లవలసిన మా వ్యాగన్ ఒకటి ఒక అప్పగింత యార్డులో 11 రోజులు చిక్కుకుంది. ఇచ్చే కంపెనీ తెరమీద ఇచ్చేసినట్లు, పుచ్చుకునే కంపెనీ తెరమీద ఇంకా రానట్లు కనిపించేది. ఒక హాపర్‌లో పట్టేది సుమారు 90 టన్నులు. కొనుగోలుదారు గోదాము ఖాళీ కాకుండా మేము నాలుగు ట్రక్కులు మాట్లాడి పంపాము. ఒకే యజమాని ఉంటే ఆ వ్యాగన్‌కు బాధ్యుడెవరన్న వాదనే ఉండదు.

అయితే నాకు అనుమానాలూ ఉన్నాయి. ఇవాళ మా సరుకును నది దగ్గర నార్ఫోక్ సదరన్‌కు ఇవ్వాలా, సి.ఎస్.ఎక్స్.కు ఇవ్వాలా అన్నది కొంతైనా మేము ఎంచుకోగలుగుతున్నాం; ఒకే కంపెనీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తీసుకుపోగలిగినప్పుడు మధ్యలో సరుకును పోటీదారుకు అప్పగించే దారికి మంచి ధర ఎందుకు చెబుతుంది? అలాంటి దారులు తెరిచే ఉంచుతామన్న హామీ కంటే, నియంత్రణ సంస్థ అమలు చేయగల ధర సూత్రం ఉందా అన్నదే నేను చూస్తాను. రెండోది, రెండు కంపెనీల వ్యాగన్ల రికార్డులను ఏ రోజున, ఏ ప్రాంతం నుంచి మొదలుపెట్టి కలుపుతారన్నది. మా విభాగంలో అనుభవజ్ఞులు ఆ తేదీకి రెండు నెలల ముందు నుంచే కొనుగోలుదారుల దగ్గర నిల్వలు పెంచి, అద్దెకు అదనపు హాపర్లు మాట్లాడుకోవాలంటారు. విలీనం జరిగితే నేను మొదట చేయబోయే పని అదే.