దేవుని ప్రేమను నమ్మినా భయం పోవడం లేదు, ఎందుకు?

"దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడని నమ్ముతున్నాను, అయినా రాత్రిళ్లు భయం పోవడం లేదు. నా విశ్వాసంలో లోపమా?" అని అడిగారు. లోపం మీలో లేదు, మీకు అలా నూరిపోసినవాళ్లలో ఉంది. "భయపడుతున్నావంటే ప్రార్థన చాలలేదన్నమాట" అని తేల్చేసే బోధకులను చిన్నప్పటి నుంచి వింటున్నాను. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో సాగిలపడి, ఈ శ్రమల గిన్నె తొలగించమని వేడుకున్న యేసుకు కూడా వీళ్లు ఇదే మాట చెబుతారా?

మాది హనుమకొండలో నయీంనగర్ నాలాకు దగ్గరి ఇల్లు. 2023 జూలై చివరి వానలకు నీళ్లు గుమ్మంలోంచి వస్తాయని కాపు కాశాం. అవి స్నానాల గది జాలీలోంచి బుడబుడమంటూ తన్నుకొచ్చాయి. బియ్యం బస్తా మంచం మీదికి ఎక్కించేసరికే మంచం కోళ్లు సగం మునిగాయి. కరెంటు లేదు. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, పైన ఓనరు గారి ఇంటికి మెట్లెక్కాలి. ఒక చేత్తో నన్నూ ఒక చేత్తో గోడనూ పట్టుకుని, "భయమైతున్నది బిడ్డా" అని ఒక మెట్టు, "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అని ఒక మెట్టు. అలాగే పైదాకా ఎక్కింది. పైకి చేరాక కూడా వణుకుతూనే ఉంది. షుగరు ఉందన్న సంగతి పక్కనపెట్టి, చక్కెర ఎక్కువేసి టీ ఇమ్మంది.

అత్తమ్మ పలికింది బైబిల్లోని 56వ కీర్తన. శత్రువులైన ఫిలిష్తీయులకు వాళ్ల పట్టణం గాతులో చిక్కినప్పటి దావీదు మాట. భయం తగ్గాక ఆశ్రయిస్తానని ఆయన అనలేదు.

"పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టును" అన్న 1 యోహాను 4:18ని మీకు ఎవరో చూపించే ఉంటారు. దాని పై వచనం ఎందుకు చదవరో నాకు అర్థం కాదు. అక్కడున్నది తీర్పు దినం సంగతి. దేవుడు నన్ను దండిస్తాడేమో అన్న భయాన్ని ఆ ప్రేమ వెళ్లగొడుతుంది. వరద నీటిని చూస్తే కాళ్లు వణకడం వేరు. ఆ వారమే ఒక ప్రార్థన కూటంలో ఒకాయన, ఈ వరద మన పాపాలకు శిక్ష అన్నాడు. నాలాను ఆక్రమించి ఇళ్లు లేపినవాళ్ల పాపమంటే ఒప్పుకునేదాన్ని. అత్తమ్మ మాత్రం, "కొడితే కొట్టినట్టు నాకు తెలియదా? ఆయన నన్ను కొట్టలేదు" అని లేచి వచ్చేసింది. వరదకు అంత వణికిన మనిషికి ఆ భయం మాత్రం లేదు.

రాత్రి భయం వేస్తే ఆ కీర్తన పైకి చదవండి, ఇంట్లో ఒకరిని నిద్ర లేపండి. మీ సంఘంలో "నాకు భయంగా ఉంది" అని చెప్పుకోవడానికి ఒక్క మనిషీ లేకపోతే సంఘం మారండి. ఇంటికి దగ్గరని మొహమాటపడకండి.