ఉత్తరాది గనికి బయల్దేరే మా అల్లుడికి

చి. శ్రవణ్‌కు,

మామయ్య ఆశీస్సులు.

నీకు కెనడా ఉత్తరాన యెల్లోనైఫ్ ఊరి దగ్గర వజ్రాల గనిలో ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. మూసివేత పనుల విభాగంలో వేశారట. మూతబడే గనిలో కుర్రాడికి భవిష్యత్తు ఏముంటుందని ఆమెకు ఒకటే టెన్షన్. నాకు మాత్రం సంతోషంగా ఉంది. సింగరేణిలో పదకొండేళ్లు, ఈ ఉత్తరాది గనుల్లో పద్దెనిమిదేళ్లు చేశాను. తవ్వడం నేర్పేవాళ్లు అన్నిచోట్లా దొరికారు. తవ్వాక ఏం చెయ్యాలో నేర్పేవాళ్లు చాలా తక్కువ. నువ్వు ఆ పనితోనే మొదలుపెడుతున్నావు.

చలి గురించి ఎక్కువ రాయను. మైనస్ 40లో వట్టి చేత్తో ఇనుము ముట్టుకోకు. చెమట పట్టేలా పని చేయాల్సివస్తే ముందే ఒక కోటు తీసెయ్, తడిసిన బట్ట పొడి చలికన్నా ప్రమాదం. మిగతాది క్యాంపులో వాళ్లే చెప్తారు.

యెల్లోనైఫ్‌లో దిగగానే ముందు మూతబడిన జెయింట్ బంగారు గని వైపు వెళ్లి చూడు. ఊరికి ఆనుకునే ఉంటుంది. 1948 నుంచి 2004 దాకా నడిచింది, దాదాపు 70 లక్షల ఔన్సుల బంగారం ఇచ్చింది. ఆ ఊరు పెరిగిందే బంగారం మీద. కానీ అక్కడి బంగారం ఆర్సెనిక్ ఉన్న రాయిలో ఉంటుంది. రాయిని కాలిస్తే విషపు పొగ వస్తుంది. మొదటి ఏళ్లలో దాన్ని గాలికే వదిలేశారు. 1951లో, ఆ పొగ పడిన మంచు కరిగించిన నీళ్ల వల్ల అక్కడి ఆదివాసులైన డెనె వాళ్ల పసివాడొకడు చనిపోయాడు. ఆ తర్వాత ధూళిని పట్టి భూగర్భంలోని గదుల్లో నింపుతూ పోయారు. గడ్డకట్టిన నేల కదా, విషాన్ని అదే పట్టి ఉంచుతుందని నమ్మకం. తవ్వకాలతో ఆ నేలే వేడెక్కింది. 1999లో అప్పటి యజమాని కంపెనీ దివాలా తీసింది. 2,37,000 టన్నుల ఆర్సెనిక్ ధూళి ఇంకా కిందే ఉంది. దాని చుట్టూ నేలను మళ్లీ గడ్డకట్టించి ఉంచాలని ప్రభుత్వం పని చేస్తోంది. 2022 అంచనా ప్రకారం మొత్తం శుద్ధి ఖర్చు 438 కోట్ల డాలర్లు, అదంతా జనం పన్నుల డబ్బే. ఇప్పుడు గనులు శుద్ధి ఖర్చు కోసం ముందుగా డిపాజిట్ కట్టాలని ప్రభుత్వం పట్టుబట్టడం వెనక ఇలాంటి అనుభవాలున్నాయి. నీ గని నీటి లైసెన్సు, మూసివేత ప్రణాళిక, డిపాజిట్ లెక్క, ఈ మూడూ మొదటి నెలలోనే చదువు. ఏ పని పూర్తయితే ఎంత డిపాజిట్ వెనక్కి వస్తుందో తెలిస్తే, మీటింగుల్లో ఎవరు దేనికి తొందరపడుతున్నారో అర్థమవుతుంది.

రెండోది మంచు రోడ్డు. వజ్రాల గనులన్నీ ఊరికి ఈశాన్యంగా రెండు, మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఏడాది పొడవునా నడిచే రోడ్డు లేదు. గడ్డకట్టిన చెరువుల మీదుగా ప్రతి శీతాకాలం కొత్తగా వేస్తారు, ఫిబ్రవరి నుంచి మార్చి ఆఖరు దాకా ఉంటే గొప్ప. నేను మొదటిసారి లారీలో వెళ్లినప్పుడు డ్రైవరు గంటకు 25 కిలోమీటర్లు దాటలేదు. రోడ్డు ఖాళీగానే ఉంది కదా అన్నాను. బరువుకి మంచు కింద నీళ్లలో అల లేస్తుందట, వేగం పెంచితే ఆ అల ఒడ్డు దగ్గర మంచును పగలగొడుతుందట. కాళ్ల కింద మంచు టప్పుమని పగులుతున్న చప్పుడు. భయపడకు, చప్పుడు వినిపిస్తేనే మంచు గట్టిగా ఉన్నట్టు అన్నాడాయన. 2006లో చలి తక్కువై రోడ్డు తొందరగా మూసేశారు. ఇంధనం విమానాల్లో మోయాల్సి వచ్చింది. నీ పనికి కావలసిన ప్రతి పైపూ, ప్రతి బోల్టూ ముందు ఏడాదే లెక్క కట్టుకో. బయటికి రావలసిన యంత్రాలకూ అదే దారి.

ఇక అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది, అక్కడి ఆదివాసీ పెద్దల మాట విను. డెనె, త్లిచో, ఇన్యూట్, మేటీ వాళ్లు. గనులతో వాళ్లకు ఒప్పందాలున్నాయి, ఉద్యోగాలూ కాంట్రాక్టులూ వచ్చాయి. చాలా ఇళ్లు ఆ జీతాల మీద నడిచాయి. అదే సమయంలో బాథర్స్ట్ కారిబూ మంద, అంటే అక్కడి ఉత్తరాది జింకల మంద, 1980లలో నాలుగు లక్షలకు పైగా ఉండేది, 2021 లెక్కలో ఆరు వేల చిల్లర మిగిలింది. కారణాలు చాలా ఉన్నాయి, గనులూ రోడ్లూ కూడా వాటిలో ఉన్నాయని వాళ్లు అంటారు. నేను చేసిన ఒక గనిలో తవ్వి పోసిన రాళ్లగుట్ట అంచులు పదునుగా ఉన్నాయి, జింకల కాళ్లు విరుగుతాయి, సన్న కంకర పరవండని పెద్దలు చెప్పారు. మా ఆఫీసులో ఎవరూ పట్టించుకోలేదు, నేనూ నోరు విప్పలేదు. చివరికి ఆ కంకర పరిచారు, మూడింతల ఖర్చుతో. ఆ మౌనం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

నీళ్ల పరీక్షకు వాళ్లను చెరువు ఒడ్డుకు పిలిచినప్పుడు నువ్వూ వెళ్లు. ఒక పెద్దావిడ చెరువు నీళ్లతో టీ కాచి, కప్పు వెలుతురు వైపు వంచి చాలాసేపు చూసింది. పైన తెట్టు కడితే నీళ్లు చెడినట్టట. తర్వాత చేపను కోసి, కాలేయం రంగు చూసి, ఉడికించి తిని చెప్పింది. మా ల్యాబ్ రిపోర్టు పక్కన ఆమె మాటనూ రాశారు. అలా రాయించడం నీ పని అనుకో.

పని రెండు వారాలు, సెలవు రెండు వారాలు. అందరూ సెలవుకి దక్షిణాదికి విమానమెక్కేస్తారు. కొత్తగూడెంలో షిఫ్ట్ దిగినవాడు అక్కడి బజారులోనే కూరగాయలు కొంటాడు, అందుకే గనితోపాటు ఊరూ పెరిగింది. ఇక్కడ జీతం విమానంలో వెళ్లిపోతుంది. నువ్వు కొన్ని సెలవులైనా యెల్లోనైఫ్‌లో గడుపు. అద్దె ఎక్కువే, అయినా ఉండు. నువ్వు మూసే గని ఎవరి బతుకులో ఎలా మూతపడుతోందో ఆ ఊళ్లో ఉంటేనే తెలుస్తుంది.

ఎడ్మంటన్‌లో విమానం మారతావు కదా, ఎయిర్‌పోర్టుకి నేనొస్తాను. నా పాత పార్కా, అదే మందపాటి చలికోటు, నీకు సరిపోతుంది. బూట్లు మాత్రం కొత్తవి కొనాలి, మందపాటి మేజోళ్లు తొడుక్కుని కొలిచిన సైజు పంపు.

మీ మామయ్య