ఘోరం జరిగాక ప్రార్థించేవాళ్లను అందరి ముందు తప్పుపట్టొచ్చా?

ప్రమాదం జరగ్గానే "వాళ్ల కోసం ప్రార్థిస్తున్నాం" అని పెట్టేవాళ్లను బహిరంగంగా విమర్శించడం సరైనదేనా అని అడిగారు. ఆ మాట అన్నది ఎవరో చూడాలి. చేతిలో అధికారం ఉన్నవాళ్లయితే గట్టిగా అడగాల్సిందే. మనిషిని పోగొట్టుకున్న ఇంటివాళ్లయితే మనం ఊరుకోవాలి.

మాది దేవరకొండ వైపు. మా చిన్నమ్మ పత్తి ఏరడానికి పోతుంటే మలుపు దగ్గర ఆటో బోల్తా పడి చనిపోయింది. చర్చి వాళ్లు వచ్చి ప్రార్థన చేశారు, మావాళ్లు రాత్రంతా భజన చేశారు. ఈలోపు ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకతను "దేవుడుంటే ఆమెను ఎందుకు కాపాడలేదు, ఈ ప్రార్థనలు దేనికి" అని పెట్టాడు. చిన్నమ్మ కూతురు అది చదివి "అన్నా, అమ్మ కోసం దండం పెట్టుకున్నా తప్పేనా?" అని అడిగింది. నాకు ఇప్పటికీ కోపమే. ఆ పోస్టుతో ఆమెకు కొత్తగా తెలిసిందేమీ లేదు, రోడ్డూ బాగుపడలేదు. తర్వాత ఆ మలుపు దగ్గర స్పీడ్ బ్రేకర్ కావాలని ఊరంతా కలిసి అర్జీ పెట్టినప్పుడు ముందు సంతకాలు చేసింది ఆ రాత్రి భజన చేసినవాళ్లే, ప్రార్థన చేస్తే ఇక పని చేయరు అనేవాళ్లు ఇది కూడా చూడాలి.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. ఆర్మీ, నేవీ, ర్యాట్ మైనర్లు (ఇరుకు సొరంగాల్లో చేత్తో తవ్వేవాళ్లు) అందరూ దిగి నెల రోజులకు పైగా తవ్వితే దొరికింది ఇద్దరి మృతదేహాలే. జార్ఖండ్ లోనో పంజాబ్ లోనో ఫోన్ కోసం ఎదురుచూసే తల్లి ఆ రోజుల్లో మొక్కుకోక ఇంకేం చేస్తుంది?

నాయకుల సంగతి వేరు. 2018 ఏప్రిల్‌లో మన పీఏ పల్లి మండలంలో మిర్చి కూలీల ట్రాక్టర్ కాలువలో పడి తొమ్మిది మంది ఆడవాళ్లు చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర మళ్లీ కూలీల ట్రాక్టరే, మళ్లీ కాలువే, ఈసారి పదిహేను మంది. ట్రాలీ సరుకుల కోసం, మనుషుల్ని ఎక్కించడానికి కాదు అని అందరికీ తెలుసు, కానీ పొద్దున్నే పనికి పోవాలంటే పల్లెల్లో ఇంకో బండి లేదు. ఇది సరిచేయగలిగే కుర్చీలో ఉండి "ఆత్మకు శాంతి కలగాలి" అని పెట్టి వదిలేస్తే ప్రశ్నించడం అపచారం కాదు, మన హక్కు.

అయితే ప్రశ్న సూటిగా వాళ్లకే తగలాలి. 2015 డిసెంబర్‌లో అమెరికాలోని శాన్ బెర్నార్డినోలో కాల్పులకు 14 మంది చనిపోయాక న్యూయార్క్ డైలీ న్యూస్ మొదటి పేజీలో 'దేవుడు దీన్ని సరిచేయడం లేదు' అని పెద్ద అక్షరాలతో వేసింది. తుపాకుల చట్టాల గురించి నాయకుల్ని నిలదీయడమే దాని ఉద్దేశం, అది న్యాయమే. కానీ ఆ శీర్షిక ఏ అధికారమూ లేని మామూలు భక్తులకూ తగిలింది, అసలు విషయం పక్కకుపోయి దేవుడి మీద గొడవ మొదలైంది.

అందుకే నేను నాయకుల పోస్టుల కింద దేవుడి మాట ఎత్తను. కాలువ గట్టుకు రక్షణ గోడ ఎప్పుడు కడతారు, కూలీలకు ట్రాలీ బదులు ఏ బండి ఇస్తారు అని తేదీతో సహా అడుగుతాను.