జవాబు పంపినా పార్టీకి కనిపించడం లేదా?

ప్రశ్న: పోర్టు దగ్గర కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసులో పనిచేస్తున్నాను. కంప్యూటర్‌లో మెయిల్ చూసుకునే సాఫ్ట్‌వేర్ థండర్‌బర్డ్‌ని అప్‌గ్రేడ్ చేశాక మెయిల్ అకౌంట్ మళ్లీ కలపాల్సి వచ్చింది. అప్పటి నుంచి నేను రాసే జవాబు పార్టీ పంపిన మెయిల్ కిందకి వెళ్లిపోతోంది. ‘ఖాళీ మెయిల్ పంపారేంటండీ’ అని ఫోన్లు. పైగా ఇద్దరు పార్టీల జవాబులు అసలు రావడమే లేదు.
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: డెలివరీ ఆర్డర్ (సరుకు విడుదల పత్రం) కోసం కాచుకుని కూర్చున్న మనిషి ఫోన్‌లో మెయిల్ తెరిస్తే ముందు తాను రాసిందే కనిపిస్తుంది. మీ మాట చదవాలంటే వేలితో కిందకి జరుపుతూ పోవాలి, అంత ఓపిక ఎవరికుంటుంది? కంటైనర్ కదలకపోతే రోజురోజుకీ ఛార్జీలు పెరుగుతాయి కాబట్టి దీన్ని ఈరోజే సరిచేసుకోండి.

జవాబు పైన రావాలా కింద రావాలా అన్నది థండర్‌బర్డ్ ఒక్కో అకౌంట్‌కి విడిగా గుర్తుపెట్టుకుంటుంది. మీరు అకౌంట్ కొత్తగా కలిపారు కదా, పాత ఎంపిక అక్కడితో పోయింది. అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి, ఎడమవైపు మీ అకౌంట్ కింద ఉన్న ‘కంపోజిషన్ అండ్ అడ్రసింగ్’ నొక్కండి. అక్కడ ‘స్టార్ట్ మై రిప్లై అబవ్ ది కోట్’ ఎంచుకోండి. పక్కనే సంతకం ఎక్కడ రావాలో కూడా అడుగుతుంది. మీ జవాబు కిందే రావాలని చెప్పండి, లేకపోతే మీ పేరు, ఫోన్ నంబరు ఎక్కడో అడుగున పడిపోతాయి. ఆఫీసు పేరుతో రెండు మూడు అకౌంట్లు ఉంటే ప్రతిదాంట్లోనూ ఇదే మార్పు చేయాలి. చాలామంది మరచిపోయేది ఇక్కడే.

ఇక రాని జవాబుల సంగతి. నా అనుమానమంతా ‘రిప్లై-టు’ అడ్రస్ మీద. అకౌంట్ సెట్టింగ్స్ మొదటి పేజీలోనే ఆ గడి ఉంటుంది. అందులో వాడకంలో లేని పాత అడ్రస్ ఉన్నా, ఒక్క అక్షరం తప్పుపడినా, అవతలివాళ్లు ‘రిప్లై’ నొక్కగానే జవాబు అటే పోతుంది. మీ పేరు, అడ్రస్ సరిగ్గానే కనిపిస్తాయి కనుక ఎవరికీ అనుమానం రాదు. సెంట్ ఫోల్డర్‌లో ఆ పార్టీలకు పంపిన ఒక మెయిల్ తెరిచి కంట్రోల్, యు కలిపి నొక్కండి. గజిబిజిగా అక్షరాలు వస్తాయి, కంగారుపడకండి. పై భాగంలో ‘ఫ్రమ్’, ‘రిప్లై-టు’ అనే రెండు వరసలు వెతికి, అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే ఆ గడి ఖాళీ చేసేయండి, జవాబులు ‘ఫ్రమ్’ అడ్రస్‌కే వస్తాయి. ఇప్పటికే వెళ్లిన మెయిల్స్ మాత్రం మారవు, ఆ ఇద్దరికీ కొత్తగా ఒక మెయిల్ పెట్టి దానికే జవాబివ్వమనండి. రెండు వరసలూ సరిగ్గానే ఉంటే స్పామ్ ఫోల్డర్ చూడండి.

ప్రశ్న: జీమెయిల్‌లో ఒక్కరికి రాద్దామనుకున్నది అపార్ట్‌మెంట్‌లో అందరికీ వెళ్తోంది. టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: కంప్యూటర్‌లో సెట్టింగ్స్‌లోని ‘జనరల్’లో ‘డిఫాల్ట్ రిప్లై బిహేవియర్’ని ‘రిప్లై’కి మార్చి, పేజీ చివరిదాకా వెళ్లి ‘సేవ్ చేంజెస్’ నొక్కండమ్మా. అది నొక్కకపోతే మార్పు నిలవదు. ఆండ్రాయిడ్ ఫోన్ యాప్‌లోనూ జనరల్ సెట్టింగ్స్‌లో విడిగా చూసుకోవాలి. కంప్యూటర్‌లోని ఆ ‘జనరల్’ పేజీలోనే ‘అన్‌డూ సెండ్’ని 30 సెకన్లకు పెట్టుకుంటే, పొరపాటున పంపినా వెంటనే వెనక్కి తీసుకోవచ్చు.