టూ స్ట్రోక్ ఎక్స్‌ఎల్ ఇచ్చేసి సెకండ్ హ్యాండ్ ఎక్స్‌ఎల్ 100 తీసుకోవచ్చా? కొనేముందు ఏం చూడాలి?

మీది పెదకాకాని అన్నారు. నాన్నగారి టూ స్ట్రోక్ బండి టీవీఎస్ ఎక్స్‌ఎల్ సూపర్ ఆర్సీ గడువు దగ్గరపడింది, దాని బదులు విజయవాడలో సెకండ్ హ్యాండ్ ఎక్స్‌ఎల్ 100 చూస్తున్నారు, అది ఫోర్ స్ట్రోక్. ఫోర్ స్ట్రోక్‌కి లాగుడు ఉండదని, బస్తాలేస్తే కదలదని ఊళ్లో అంటున్నారు. మీ సందేహం అదే కదా.

తీసుకోండి. లాగుడు గురించి బెంగ అక్కర్లేదు. చూసుకోవాల్సింది ఆయిల్ సంగతి. నాది భవానీపురంలో చిన్న కిరాణా కొట్టు. గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్స్ నుంచి పప్పులు, నూనె డబ్బాలు, పంచదార బస్తాలు తెచ్చుకునేది ముందు ఎక్స్‌ఎల్ సూపర్ మీద, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎక్స్‌ఎల్ 100 మీద. రెండింటినీ లోడుతోనే వాడాను కాబట్టి చెబుతున్నా.

ముందు లాగుడు. టూ స్ట్రోక్‌లో క్రాంకు, అంటే ఇంజన్ లోపల తిరిగే ఇరుసు, ఒక్క చుట్టు తిరిగితే ఒకసారి పెట్రోల్ మండుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారి. అందుకే ఒకే సీసీ అయితే టూ స్ట్రోకే చురుగ్గా ఉంటుంది, ఆ మాట నిజమే. కానీ ఇక్కడ సీసీ ఒకటి కాదు. సూపర్‌ది 69.9 సీసీ, ఎక్స్‌ఎల్ 100ది 99.7. ఎక్స్‌ఎల్ 100 టార్క్, అంటే తిప్పే బలం, 6.5 న్యూటన్ మీటర్లు, అదీ ఇంజన్ మరీ వేగంగా తిరగకుండా 3500 ఆర్‌పీఎం దగ్గరే వస్తుంది. ఖాళీ బండి మీద రయ్యిమని దూకే ఆ మొదటి ఊపు మాత్రం తగ్గినట్టే ఉంటుంది. ఎక్సలేటర్ తిప్పగానే సౌండు లేచినంతగా బండి లేవదు. లోడు వేశాక అసలు తేడా తెలుస్తుంది. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు సూపర్ గొంతు చించుకునేది, ఇది నిదానంగా ఒకే పాటున ఎక్కేస్తుంది. స్పీడు కావాలంటే మాత్రం రెండూ దండగే. బరువు పది కిలోల పైనే ఎక్కువ కాబట్టి, బస్తాలతో స్టాండు వేసేటప్పుడు నాన్నగారికి మొదట్లో కొంచెం కష్టమనిపిస్తుంది.

మైలేజీ నాకు లోడుతో సూపర్ మీద నలభై దాటితే గొప్ప. దీని మీద యాభైకి అటూ ఇటూ వస్తోంది. టూ స్ట్రోక్‌లో లోపలికి వచ్చిన పెట్రోల్ కొంత కాలకుండానే సైలెన్సర్ దారి పడుతుంది, తేడా అక్కడే. పెట్రోల్‌లో కలిపే టూటీ ఆయిల్ ఖర్చు కూడా ఉండదు.

ఇక ఆయిల్. సూపర్‌లో ఆయిల్ పెట్రోల్‌తో కలిసి లోపలికి వెళ్లి, బేరింగులను, పిస్టన్‌ను తడిపి, పొగై బయటికి పోతుంది. బంకులో కొట్టించిన ప్రతిసారీ కొత్త ఆయిలే. ముందు ఓనరు ఎంత బద్ధకస్తుడైనా ఆయిల్ లేకుండా బండి నడపలేడు. ఎప్పుడైనా పిస్టన్ పట్టేసినా సిలిండర్‌కి బోరు కొట్టించి, పిస్టన్, రింగులు మారిస్తే మళ్లీ దారిలో పడుతుంది. ఫోర్ స్ట్రోక్ అలా కాదు. అదే ఆయిల్ నెలల తరబడి లోపలే తిరుగుతూ ఉంటుంది. క్రాంకు, పిస్టన్, క్లచ్, పైన వాల్వులు, వాటిని ఆడించే క్యామ్, అన్నిటికీ అదే దిక్కు. తగ్గినా, మాడినా బండి నోరు విప్పి చెప్పదు, నడుస్తూనే ఉంటుంది. టూ స్ట్రోక్ నుంచి మారినవాళ్లలో చాలామంది పెట్రోల్ కొట్టించి, ‘ఇప్పుడు ఆయిల్ బాధ లేదు’ అనుకుని ఏడాది పాటు మూత కూడా విప్పరు. అలాంటి చేతుల్లోంచి వచ్చిన బండ్లే సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఎక్కువ. మీరు డబ్బు పెట్టేది ఆ ఓనరు అలవాటు మీద కూడా.

అందుకే బండి చూడ్డానికి మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. నాతో వచ్చినాయన ఆటోనగర్లో పనిచేస్తాడు. బండి దగ్గరికి వెళ్లగానే స్టార్ట్ చేయమనలేదు. ముందు ఇంజన్ మీద చెయ్యి వేసి చూశాడు, చల్లగా ఉందా లేదా అని. ఒకచోట ఇంజన్ వేడిగా తగిలింది. ‘ఇప్పుడే టీకి వెళ్లొచ్చానండీ’ అన్నాడు అమ్మేవాడు. మావాడు ఏమీ అనలేదు, ‘రేపు పొద్దున్నే వస్తాం, తీయకుండా ఉంచండి’ అని వచ్చేశాడు. చల్లటి ఇంజన్ మొదటి రెండు మూడు కిక్కుల్లో ఎలా అందుకుంటుందో చూస్తేనే కంప్రెషన్, అంటే సిలిండర్లో ఒత్తిడి, సంగతి తెలుస్తుంది. వేడెక్కాక చాలా రోగాలు దాక్కుంటాయి.

తర్వాత ఆయిల్ మూత విప్పి, దానికి అంటిన ఆయిల్‌ను తెల్లగుడ్డకు తుడిచి, రెండు వేళ్ల మధ్య రుద్ది, ఎండకు పెట్టి చూశాడు. నల్లగా ఉంటే తప్పేం లేదు, వాడిన ఆయిల్ నల్లగానే ఉంటుంది. వేళ్ల మీద సన్నటి మెరుపు కనబడితే లోపల లోహం అరుగుతున్నట్టు. పాలు ఎక్కువైన టీ రంగులో చిక్కగా ఉంటే నీళ్లు కలిసినట్టు. ఒక డీలరు దగ్గర చూసిన బండి పైకి కొత్త పెళ్లికూతురిలా ఉంది, స్టిక్కర్లు కూడా మెరిసిపోతున్నాయి. మూత విప్పితే లోపలి అంచున మీగడ కట్టినట్టు తెల్లగా ఉంది. ధర రెండు వేలు తగ్గిస్తానన్నాడు. దండం పెట్టి వచ్చేశాం.

విజయవాడలో కొంటున్నారు కాబట్టి ఈ నీళ్ల సంగతి మరీ జాగ్రత్త. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం వైపు ఎన్ని బండ్లు మునిగాయో మీరూ టీవీలో చూసే ఉంటారు. కొన్ని కాలనీల్లో రోజుల తరబడి నీళ్లు తీయలేదు. టూ స్ట్రోక్ మునిగితే ప్లగ్గు విప్పి, నీళ్లు కక్కించి, ఆరబెట్టి కిక్కు కొడితే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. ఫోర్ స్ట్రోక్‌లో నీళ్లు ఆయిల్లోకి దిగుతాయి. ఆయిల్ తీసి కడగకుండా స్టార్ట్ చేశారంటే బేరింగులకు చేటు, అది వెంటనే బయటపడదు. కార్బురేటర్ బదులు పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ బండి అయితే వైరింగ్, సెన్సార్లు, ఇంజన్‌ను నడిపించే ఈసీయూ అనే కంప్యూటర్ పెట్టె కూడా పాడవ్వొచ్చు.

మునిగిన బండిని ఎంత కడిగినా కొన్ని చోట్ల ఆనవాలు ఉంటుంది. హెడ్‌లైట్ గ్లాసు లోపల మట్టి గీత, మీటరు లోపల తడి పొర, సీటు కింద మూలల్లో ఎండిన ఒండ్రు, వైరింగ్ కప్లర్ విప్పితే పిన్నుల మీద పచ్చటి చిలుము. సీటు స్పాంజికి ముక్కు పెట్టి చూసినా తెలుస్తుంది, సిగ్గుపడకండి. అలాగని సింగ్ నగర్ అడ్రసు చూడగానే వద్దనేయకండి. అక్కడ మేడ మీదికి ఎక్కించి కాపాడుకున్న బండ్లు, మునిగాక ఇంజన్ విప్పించి సక్రమంగా బాగుచేయించుకున్నవి కూడా ఉన్నాయి. బాగుచేయించానంటే బిల్లు అడగండి, ఉన్నవాళ్లు చూపిస్తారు. మునిగిన బండి ఈపాటికి తెనాలిలోనో నూజివీడులోనో అమ్మకానికి ఉండొచ్చు కూడా. నంబర్ ప్లేటు చూసి కనిపెట్టలేరు. 2019 నుంచి కొత్త బండ్లకు రాష్ట్రమంతటికీ ఒకటే సిరీస్ (ముందు ఏపీ 39) వచ్చేసింది కాబట్టి, పాత ఏపీ 07, ఏపీ 16 లాగా జిల్లా తెలియదు. ఆర్సీలో ఏ ఆర్టీవో ఆఫీసో చూడండి.

స్టార్ట్ చేశాక సైలెన్సర్ వెనక నిలబడండి. ఇక్కడ మనలాంటి టూ స్ట్రోక్ వాళ్లకు ఒక చిక్కుంది. పొగకు మన కళ్లు అలవాటు పడిపోయాయి, కాస్త పొగ వస్తే ‘మామూలేగా’ అనిపిస్తుంది. ఫోర్ స్ట్రోక్‌కి నీలం పొగ మామూలు కాదు. స్టార్ట్ చేసినప్పుడు ఒక్క క్షణం వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు పోయుండొచ్చు. రేజ్ చేసినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులు, బోరు చూసుకోవాలి. హెడ్‌లో సన్నగా టిక్ టిక్ అంటే టాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) సెట్ చేయిస్తే సరిపోవచ్చు, అది చిన్న పనే. కింది నుంచి బరువుగా కొట్టినట్టు సౌండు వస్తే బేరం ఆడొద్దు, వదిలేయండి. ఇంజన్ దించి బాగుచేయిస్తే ఖర్చు సూపర్‌కి అయినంతలో తేలదు.

కార్బురేటర్ మోడలా, ఇంజెక్షనా అంటే, 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చాక ఎక్స్‌ఎల్ 100కి ఇంజెక్షన్ వచ్చింది, అంతకుముందువి కార్బురేటర్వి. మీ ఊళ్లో మెకానిక్ పాతకాలం మనిషి అయితే, బండి ఎక్కువగా పొలం వైపే తిరిగితే కార్బురేటర్ది హాయి. రోజూ గుంటూరు వచ్చిపోయే పనైతే ఇంజెక్షన్ది తీసుకోండి, చలికాలం పొద్దున చోక్ బాధ ఉండదు. దాన్ని చూసేటప్పుడు తాళం తిప్పగానే ఇంజన్ గుర్తు లైటు వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే సంతోషించకండి, లైటు పీకేశారేమో చూడండి. 2019 ఏప్రిల్ తర్వాతి వాటికి కంబైన్డ్ బ్రేకు ఉంటుంది, ఒకటి నొక్కితే రెండు చక్రాలకూ కొంత పడుతుంది. లోడుతో తిరిగేవాళ్లకు అది మంచిదే.

కిలోమీటర్ల మీటరును నేను పెద్దగా పట్టించుకోను. ఎవరు వాడారన్నదే అడుగుతాను. వాటర్ క్యాన్లో గ్యాస్ సిలిండర్లో మోసిన బండి అయితే క్యారియర్ దగ్గర వెల్డింగ్ మచ్చలు, వెనక షాకులు, రిమ్ము వంకర, స్ప్రాకెట్ పళ్లు చూడండి. పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే చైన్ సెట్ ఖర్చు బేరంలో తగ్గించుకోవచ్చు.

కాగితాల్లో ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఆర్సీ గడువు, ఇన్సూరెన్సు, బీఎస్ 4నా 6నా చూసుకోండి. పాత చలాన్లు ఓనరు చేతే కట్టించండి. ఫైనాన్స్ మీద కొన్న బండి అయితే ఫైనాన్స్ కంపెనీ ఎన్‌వోసీ, అప్పు తీరిందని చెప్పే ఫారం 35 లేకుండా అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు. ఫారం 29, 30 సంతకాలతో ట్రాన్స్‌ఫర్ వెంటనే పెట్టించుకోండి. ‘తర్వాత చూద్దాం’ అన్నవాడు తర్వాత ఫోన్ ఎత్తడు.

ఇంటికి తెచ్చాక మొదటి పని ఆయిల్ మార్పించడం. ‘పోయిన వారమే మార్చానండీ’ అంటారు, విని ఊరుకుని మార్చేయండి. గ్రేడ్ కంపెనీ పుస్తకంలో ఏది రాస్తే అదే. కారు ఆయిల్ మిగిలింది కదా అని పోయొద్దు, క్లచ్ జారొచ్చు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి తీసి చూస్తే లోపలి సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. ఆ తర్వాత నెలకోసారి లెవల్ చూడ్డం అలవాటు చేసుకోవాలి. నేను కొట్టు కరెంటు బిల్లు కట్టే రోజున చూస్తాను, లేకపోతే గుర్తుండదు.

ఇంకొకటి, బంకులో జాగ్రత్త. బండి ఆకారం చూసి ‘ఆయిల్ కలపాలా అన్నా’ అని కుర్రాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. నాన్నగారికి అలవాటులో ‘కలుపు’ అని నోరు జారుతుంది. ఇంజన్‌కి మంచిదని కావాలనే ఒక మూత పోసే పెద్దవాళ్లు కూడా ఉన్నారు. మంచిదేం కాదు, ప్లగ్గుకు మసి పడుతుంది, బీఎస్ 6 బండ్లలో సైలెన్సర్ లోపల పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌కీ చెరుపే.

స్ప్లెండర్ తీసుకుంటే పోలేదా అని కూడా అడిగారు. మనుషులు తిరగడానికైతే అదే మేలు. కానీ కాళ్ల మధ్య బస్తా పెట్టుకునే చోటు దానికి లేదు, మీకు కావాల్సింది అదే కదా.

పాత సూపర్‌ని అమ్మాల్సిందే అని లేదు. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు. ఫీజు, దాంతోపాటు గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది. ఊళ్లో పొలం గట్ల మీదికి దాన్నే ఉంచుకుంటానని నాన్నగారు అంటే ఉంచేయండి. అమ్మితే వచ్చే డబ్బు కూడా ఏమంత ఉండదు. అమ్మేటట్లయితే మాత్రం పాత సామాన్ల వాడికి తాళం చేతికిచ్చి వదిలేయకుండా, ఆర్సీ కొన్నవాడి పేరు మీదికి మారేదాకా వెంటపడండి. రేపు దాని మీద పడే చలానా నాన్నగారి ఫోన్‌కే వస్తుంది.